నీళ్ళ టవరు మీద తాత

లాక్‌డౌన్లు ముగిసి, జనం మాస్కులు తీసి మళ్ళీ ఒకరికొకరు ముఖాలు చూపించుకుంటున్న ఏడాది అది. పుదుచ్చేరి పెద్ద బజారు వెనక సందులో, ఒక బట్టల కొట్టు మెట్ల కింద నా పనిగది. పాత ఫోటోలకు మరమ్మతు చేయడం నా వృత్తి. చిరిగినవాటిని అతికిస్తాను, వెలిసినవాటిని తేరుస్తాను, చెదలు తల కొట్టేసిన పెళ్ళికొడుకులకు ఎక్కడో ఒకచోట తల సంపాదించి పెడతాను. మొదట్లో బోర్డు మీద ‘అన్ని రకాల స్కానింగ్ చేయబడును’ అని రాయించాను. ఒక ఉదయం ఓ గర్భిణి, డాక్టరు చెప్పినట్టు కడుపునిండా నీళ్ళు తాగి, భర్త భుజం పట్టుకుని ఆయాసపడుతూ మెట్లు దిగింది. మధ్యాహ్నానికల్లా బోర్డు మార్పించాను.

రోజంతా నెగెటివ్‌ల మధ్య బతికే మనిషిని. వాటిని పాజిటివ్ చేస్తేనే నాకు పూట గడుస్తుంది. అందుకే ఎవరైనా జీవితంలో పాజిటివ్‌గా ఉండమని ఉపదేశిస్తే, ఆ పనికి ఛార్జీ వేరే అని చెబుతుంటాను.

ఆ వేసవిలో ఆర్కిటెక్ట్ వి. కల్పన గారు ఆటో నిండా చెక్కపెట్టెలు వేసుకుని వచ్చారు. నెల్లూరు ఆమె, పెళ్ళయి ఇక్కడ స్థిరపడ్డారు. పాత కట్టడాల మీద మక్కువ ఉన్న కొందరితో కలిసి ఒక ప్రదర్శన తలపెట్టారు. ఊళ్ళోని ఆసుపత్రి, బడి, మార్కెట్, నీళ్ళ టవరు వంటివి పునాది నుంచి పైకప్పు దాకా ఎలా లేచాయో ఫోటోల్లో చూపించాలని ఆమె ఆలోచన. ఫ్రెంచివాళ్ళ కాలంలో కడుతున్నప్పుడు, పని ఎంతవరకు వచ్చిందో పైవాళ్ళకు చూపడానికి మధ్యమధ్యలో తీయించిన ఫోటోలవి. మా భాషలో వాటిని ప్రోగ్రెస్ ఫోటోగ్రాఫ్‌లంటాం. ఆ పెట్టెల్లో ఉన్నవి అచ్చు వేసిన ఫోటోలు కూడా కావు, వాటి తల్లులు. అంటే గ్లాస్ ప్లేట్ నెగెటివ్‌లు. ఫిల్ము ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో గాజు పలక మీద మందు పూసి దాని మీదే బొమ్మ పట్టేవారు. ఆ పూత పేరు ఎమల్షన్. ఒకవైపు గాజు, ఒకవైపు ఎమల్షన్. ఏ వైపు జారవిడిచినా మిగిలేది పెంకులే.

“నెలరోజులు ప్లేట్లు శుభ్రం చేస్తూ కూర్చోవాలి” అని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

“ఆ చేత్తోనే ఇంట్లోవి కూడా నాలుగు కడగరాదా?” అంది మా ఆవిడ.

పని మొదలుపెట్టాను. ముందు మెత్తని బ్రష్‌తో దుమ్ము తీయడం. తర్వాత కింద నుంచి వెలుగు వచ్చే బల్ల మీద పలకను పెట్టి స్కాన్ చేయడం. ఆ పైన స్పాటింగ్. అంటే, బూజు మచ్చలు, వేలిముద్రలు, గీతలు ఒక్కొక్కటే వెతికి, కంప్యూటర్లో పక్కనున్న రంగుతో కప్పేయడం. బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి పని. నాలాంటి బద్ధకస్తుడికి ఒకచోట కూర్చునే సాకు దొరుకుతుంది కనక ఇష్టమైన పని కూడా.

నీళ్ళ టవరు ప్లేట్లు నా చేతికి వచ్చిన సంగతి బజారుకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. రెండో రోజుకే దామోదరం వచ్చాడు. ఆయనకు బజారులో ఇనుప సామాన్ల కొట్టు ఉంది. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్ళది, మాలాగే.

“ఏంది తమ్ముడా, మా తాత నీకాడికి వచ్చినాడంట?”

“తాత సంగతి తెలీదన్నా, టవరైతే వచ్చింది.”

“టవరొచ్చిందంటే తాతొచ్చినట్లే. దాని మీదనే గదా నిలబడుకోనుండాడు!”

ఆ మాట ఊళ్ళో సగం మందికి తెలిసిందే. ఆ టవరు కట్టిన కంట్రాక్టరు దామోదరం తాత, కె. రంగయ్య. టవరు ముగిసిన కొద్దికాలానికే జ్వరం వచ్చి పోయాడు. ఆయనకు ఫోటో అంటూ ఉన్నది ఒకటే. పూర్తికావచ్చిన టవరు, చుట్టూ వెదురు పరంజా, అన్నిటికన్నా పైన నడుం మీద చేతులు పెట్టుకుని తలపాగాతో నిలబడిన మనిషి. అది దామోదరం కొట్లో గల్లాపెట్టె పైన దండతో వేలాడుతూ ఉంటుంది. ఫోటోలో ఆ మనిషి బియ్యపు గింజంత. ఆయన మీద అద్దానికి పెట్టిన కుంకుమబొట్టు మాత్రం రూపాయి బిళ్ళంత. కాబట్టి ఇన్నేళ్ళలో కొట్టుకు వచ్చినవాళ్ళంతా చూసింది బొట్టునే. తాతను చూసినవాళ్ళు లేరు.

దామోదరానికైనా ఆయన తాత, అంతే. ఆయన మేనత్త సరోజమ్మకు మాత్రం ఆ ఫోటోయే తండ్రి. రంగయ్య పోయేనాటికి ఆమె చంటిపిల్ల, తండ్రి ముఖం గుర్తులేదు. ఇప్పుడు ఎనభై దాటినా, కడలూరు దారిలోని కిరుమాంబాక్కంలో కూతురి దగ్గర ఉంటూ, ఆ ఫోటోకు తీయించుకున్న నకలుకు రోజూ పొద్దున్నే దండం పెట్టుకున్నాకే కాఫీ తాగుతుందని దామోదరం చెప్పాడు.

సంగతి విని కల్పన గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. “ఇలాంటి ఫోటోల్లో ఇంజనీర్ల పేర్లుంటాయి మోహన్ గారూ, కట్టినవాళ్ళ పేరు దొరకడం ఎంత అరుదో తెలుసా?” అన్నారు. గుమ్మం ఎదుట గోడంత ఎత్తున ఆ ఒక్క ఫోటోనే పెడదామన్నారు. కింద ‘టవరు శిఖరాన కంట్రాక్టరు కె. రంగయ్య’ అని వ్యాఖ్య. మొదటిరోజు దాని మీద తెర తీసేది సరోజమ్మ. ఆమెకు కబురు వెళ్ళింది. కొత్త చీర కూడా కొన్నారని విన్నాను.

గోడంత ఎత్తు చేయాలంటే ఎక్కువ రిజల్యూషన్‌లో, అంటే చిన్న చిన్న వివరాలు కూడా అందేలా, మళ్ళీ స్కాన్ చేయాలి. రిజల్యూషన్లు నేను జనవరి ఒకటిన కూడా తీసుకుంటాను, అవి నిలవవు. ఇది నిలిచింది. తెర మీద టవరును పెద్దది చేసుకుంటూ పైకి పోయాను. ఇటుకలు, వెదురు బొంగులు, తాళ్ళ ముడులు. తలపాగా చక్కగా కనిపించింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి తెల్లటి చుక్కలు.

బూజు పట్టిందనుకున్నాను. స్పాటింగ్ మొదలుపెట్టబోయి ఆగాను. బూజు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ఈ చుక్కలు నుదుటి మీద మూడు, బుగ్గకు రెండేసి, లెక్కగా పడ్డాయి. మీసం ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా ఉంది. చెవులు లేవు. చొక్కా చేతుల చివర వేళ్ళు ఉండాల్సిన చోట గడ్డి పోచలు.

పక్క ప్లేటు తీశాను. అంతకుముందు నెలల్లో తీసినది, టవరు ఇంకా సగమే లేచింది. అప్పుడూ అన్నిటికన్నా పైన ఈయనే, అదే భంగిమలో ఉన్నాడు. ఇంకో ప్లేటులో కుడి చెయ్యి లేదు. కట్టడాల దగ్గర ప్రమాదాలు మామూలే, కానీ చెయ్యి భుజం దాకా ఊడినా ఇంత ఠీవిగా నిలబడే కంట్రాక్టరును నేను వినలేదు.

కడుతున్న ఇంటికి కట్టే దిష్టిబొమ్మ అది. కుండ తల, సున్నం చుక్కలు, బొగ్గు మీసం, గడ్డి కుక్కిన చొక్కా. మా వైపు ఇప్పటికీ ఏ కట్టడం లేచినా కడుతూనే ఉంటారు. రోజూ దారిలో పది చూస్తాం, ఒక్కదానికీ దండం పెట్టం. ఈ ఒక్కదానికి మూడు తరాలు దండ వేశాయి.

నవ్వాను, దాచను. తర్వాత కొత్త చీర గుర్తొచ్చి నవ్వు ఆగింది. ఇంకో వారంలో ఆ ముసలమ్మ ఊరందరి ముందు తెర లాగుతుంది, గోడంత కుండ బయటపడుతుంది.

కల్పన గారికి చూపించాను. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని, “దిష్టిబొమ్మ అని రాద్దాం. అదీ చరిత్రే కదా. కానీ ఆవిడతో ముందు మీరే చెప్పండి. నాకు తెలుగు పుస్తకాల్లో మాట్లాడటం వచ్చు గానీ, ఇలాంటివి చెప్పడం రాదు” అన్నారు.

దామోదరానికి చూపించాను. ఆయన తెరకు ముక్కు ఆనించి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, “తమ్ముడా, నువ్వు పెండ్లికొడుకులకు తలకాయలు పెడతావు గదా” అన్నాడు.

“అన్నా, వద్దు.”

“నా తలకాయ పెట్టు. నేను మా తాత మాదిరే ఉంటానని అత్త చెప్తా ఉంటాది.”

“ఏ తాత మాదిరి? ఆమె చూసిన తాత ఈ కుండే కదన్నా!”

ఆయన తన తల ఒకసారి తడుముకున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందే. అయినా ఆయన పట్టు వదల్లేదు. “పావం, ఎనభై దాటిన మనిషి తమ్ముడా. ఇంగేం మిగిలిందని ఆమెకు? చుమ్మా, ఊరికే ఒక మొగం పెట్టేదానికి నీకేం పోతాది?”

నాకేం పోతుందో చెప్పలేకపోయాను. కనక ఆయన వెళ్ళాక ప్రయత్నించాను కూడా. ఫోనులో ఉన్న ఆయన ఫోటో తీసుకుని కుండ మీద అమర్చాను. వెలుగు సరిచేశాను, నీడ వేశాను. చివరికి ఎవరో ఇనుప సామాన్ల వ్యాపారిని అప్పులవాళ్ళు పట్టుకుని టవరు మీద కట్టేసినట్టు వచ్చింది. చెరిపేశాను. పనితనం చాలక కాదు. ఆమె ఇన్నాళ్ళూ బొమ్మను చూసి తండ్రి అనుకుంది, అది పొరపాటు. నేను పెట్టిన ముఖం చూసి తండ్రి అనుకుంటే అది మోసం. ఊరి కంటే ముందు ఆమె చూడాలి, అంతవరకే నాకు తేలింది.

మర్నాడు దామోదరం కారులోనే కిరుమాంబాక్కం వెళ్ళాం. నన్ను తీసుకెళ్ళడానికి కాదు, ఆపడానికి వచ్చాడాయన. కడలూరు రోడ్డు పొడవునా, “అత్తా, ప్లేటు పగిలిపోయినాది”, “అత్తా, ఎండకు ఫోటో కాలిపోయినాది” అని అబద్ధాలు వరసగా సాధన చేశాడు. నేను ఒడిలో పెద్ద కవరు పెట్టుకుని కూర్చున్నాను.

సరోజమ్మ, తన కూతురు నడిపే కొట్టు వెనక వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది. మమ్మల్ని చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“దా నాయనా, దా. పెద్దది చేసినారంట గదా? మా నాయన మొగం తెలస్తాదా ఇప్పుడు?”

“అత్తా, ఆ కాలం కెమెరాలు చుమ్మా పేరుకే...” దామోదరం అందుకున్నాడు.

“నువ్వుండ్రా దామూ. ఆ పిల్లోణ్ణి చెప్పనీ.”

యాభై ఐదేళ్ళ పిల్లోణ్ణి గొంతు సవరించుకున్నాను. వచ్చేదారిలో నేనూ ఒక మాట సిద్ధం చేసుకున్నాను. దాన్ని వదిలేశాను. కవరులోంచి ఫోటో తీసి ఆమె ఒళ్ళో పెట్టి, “మీరే చూడండి పెద్దమ్మా” అన్నాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. ఫోటోను దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. వేలితో తలపాగా తడిమింది, మీసం తడిమింది, చెయ్యి వెంబడి కిందికి వచ్చింది. అక్కడ ఆగింది.

“ఏరా దామూ, మీ తాతకు చేతులుండాయి, వేళ్ళు యాడరా?”

“అది... గ్లౌజులత్తా. ఆ కాలంలో కంట్రాక్టర్లు గ్లౌజులు ఏసుకుండేవాళ్ళు.”

“గ్లౌజుల్లోనించి గడ్డి మొలస్తాదా?”

దామోదరం మునగాకు వైపు చూశాడు. నేను చెప్పులు చూసుకున్నాను. కాసేపటికి ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఫోటో ఒళ్ళోంచి జారింది. నేను కంగారుగా కూతుర్ని పిలవబోయాను. అప్పుడు వినిపించింది. ఆమె నవ్వుతోంది. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఫోటో చూసి మళ్ళీ నవ్వింది.

“ఎంత గట్టిదిరా మా అమ్మ! చిన్నప్పుడు నేను ఈ ఫోటోకు దండం పెట్టేటప్పుడల్లా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. నాయన్ని తలుచుకుని సంతోషపడతాదేమో అనుకుంటి. ఇది బొమ్మని ఆమెకు తెలుసురా!”

“ఆమెకెట్ల తెలస్తాదత్తా?”

“ఆ చొక్కాయి ఇచ్చింది ఆమే అయ్యుంటాది. ఎవురు కట్టిస్తా ఉంటే వాళ్ళ పాత చొక్కాయే బొమ్మకు తొడగాల. మనిషికి తగిలే దిష్టి దానికి పోవాలని. మీ నాయన ఇల్లు కట్టేటప్పుడు కూడా అట్లనే బీరువాలోనించి చొక్కాయి లాక్కోనిపోయింది. మంచి చొక్కాయమ్మా అని ఆయన ఎనకాలే పరిగెత్తినాడు.” నవ్వు మెల్లగా తగ్గింది. “నాయన యాడని నేను అడిగుంటాను. చంటిదానికి చూపించేదానికి ఆమెకాడ ఇంగేముండాది? మొగుడి చొక్కాయిని చూపించింది.”

నాకు ఊపిరి తేలికైంది. పని అయిపోయిందనుకుని కవరు సర్దుకుంటున్నాను. అప్పుడామె నా చెయ్యి పట్టుకుంది.

“సరే నాయనా, ఇది బొమ్మ. మరి మా నాయన యాడ?”

తెలియదన్నాను. ఆ ప్లేట్లలో పనివాళ్ళు చాలామంది ఉన్నారనీ, ఎవరెవరో చెప్పేవాళ్ళు లేరనీ అన్నాను.

“ఆ టవరు ముగిసేదాకా ఆయన ఇంట్లో అన్నం తిన్నది లేదంట. పొద్దస్తమానం ఆడనే. అట్లాంటి మనిషి ఫోటో తీసేటప్పుడు మాత్రం యాడికి పోతాడు? బాగా చూడు. కుదురుగా ఒక తావున నిలబడే మనిషి కాదంట, మా అమ్మ అదే తిట్టు. పీట ఏస్తే ఆయన కూర్చునేలోగా కూర చల్లారిపోతాదని.”

తిరుగు ప్రయాణంలో దామోదరం ఉత్సాహంగా ఏదో చెబుతున్నాడు. నాకు వినబడటం లేదు. కుదురుగా నిలబడని మనిషి అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

ఆ రోజుల్లో ఇలాంటి ఫోటోలకు ఎక్స్‌పోజర్, అంటే కెమెరా కన్ను తెరిచి ఉంచే సమయం, ఎక్కువ. ఫోటోగ్రాఫరు కదలకండని అరిస్తే పనివాళ్ళంతా ఊపిరి బిగబట్టి నిలబడేవారు. కదిలినవాడు మనిషిగా పడడు, పొగలా పడతాడు. మా భాషలో అది మోషన్ బ్లర్. అలాంటి పొగ ఒకటి నేను చూశాను. టవరు అడుగున, ఇసుక కుప్ప పక్కన. చూసి, ఎమల్షన్ పాడైందనుకుని, శుభ్రంగా తుడిచేశాను. ఒక ప్లేటులో కాదు, వరసగా అన్నిటిలోనూ. పైగా ఇసుకను అతుకు తెలియకుండా కలిపానని మురిసిపోయాను కూడా. కుండను గోడకెక్కించి, మనిషిని బూజు కింద జమకట్టానన్నమాట.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది, అదే నన్ను కాపాడింది. మొదట తీసిన స్కాన్‌ను ముట్టుకోకూడదు, నకలు మీదే పని చేయాలి. అసలువి తెరిచాను. పొగ ఉంది. ప్రతి ప్లేటులోనూ ఉంది. ఒకదానిలో చెయ్యి పైకెత్తి ఎవరినో కేకలేస్తున్నట్టు, ఇంకోదానిలో ఇటూ అటూ రెండు తలలున్నట్టు. నడుం నుంచి పైకి అంతా మసకే. ఆయనలో కదిలింది పైభాగమే, ఒకచోట పాతుకుని నిలబడ్డ పాదాలు మాత్రం స్పష్టంగా పడ్డాయి. పంచె కింద, ఇసుకలో, చెప్పులు లేని రెండు పాదాలు. ఎడమది నేరుగా ఉంది. కుడిది బాగా పక్కకు తిరిగి, వేరే ఊరికి పోదామన్నట్టు ఉంది.

ఫోనులో పంపుతానన్నా సరోజమ్మ వినలేదు. దామోదరం చెయ్యి పట్టుకుని, నా మెట్లన్నీ ఆగి ఆగి దిగి వచ్చింది. కల్పన గారు కూడా వచ్చారు. గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆమెకిచ్చి తెర మీద ప్లేటు చూపించాను.

“ఈ మసకగా ఉన్నాయన కావచ్చు పెద్దమ్మా. ముఖం మాత్రం రాదు. ఎంత చేసినా రాదు.”

ఆమె మసక వైపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తండ్రిని వెతికి పెట్టమంటే పొగ చూపించానని నాకే సిగ్గేసింది. ఇంకేమీ తోచక పాదాలను పెద్దవి చేశాను.

ఆమె ముందుకు వంగింది. తర్వాత మెల్లగా కుర్చీలో వెనక్కి జరిగి, చెప్పు విడిచి, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని కుడి కాలు చాపింది. పాదం బాగా పక్కకు తిరిగి ఉంది.

“బళ్ళో బాతు బాతు అని ఏడిపించేవాళ్ళు” అంది. “మా అన్నకీ ఇట్లనే ఉండె. మా అమ్మవి చక్కని కాళ్ళు. మాకిది యాడనించి వచ్చిందో అని ఎవుర్ని అడగాలా?” తర్వాత దామోదరం వైపు తిరిగి, “చెప్పు ఇడువురా” అంది.

“అత్తా, అందరి ముందరా...”

“ఇడువురా అంటే!”

విడిచాడు. అరవైకి దగ్గరపడ్డ ఇనుప సామాన్ల వ్యాపారి, తల వంచుకుని, మేనత్త పాదం పక్కన తన పాదం పెట్టాడు. తెర మీద ఒకటి, నేల మీద రెండు. మూడూ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి.

ఆమె లేచి తెర దగ్గరికి పోయి, ఆ పాదాన్ని వేలితో ముట్టుకుని వేలిని కళ్ళకద్దుకుంది. మామూలుగా ఎవరైనా తెర ముట్టుకుంటే నేను కసురుకుంటాను.

కల్పన గారు ఇబ్బందిగా అన్నారు. “అమ్మా, నాకూ ఆయనే అనిపిస్తోంది. కానీ కాలు చూసి గోడ మీద పేరు రాయలేనండీ.”

“మొగం చూసి రాద్దామనుకుంటిరి గదమ్మా?” అంది సరోజమ్మ. “అది కుండ.”

కల్పన గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేశారు. ఆ మధ్యాహ్నమే నా బల్ల మీదే వ్యాఖ్య రాశారు. ‘శిఖరాన: దిష్టిబొమ్మ, కంట్రాక్టరు చొక్కాతో అని కుటుంబం నమ్మకం. కింద, ఇసుక కుప్ప పక్కన: కదులుతూ ఉన్నందువల్ల మసకగా పడిన వ్యక్తి, కంట్రాక్టరు కె. రంగయ్య అని ఆయన కుమార్తె గుర్తించారు.’ ఏది తెలిసింది, ఏది నమ్మకం, ఎవరు చెప్పింది అన్నీ ఉన్నాయి. దామోదరానికి మాత్రం నిడివి ఎక్కువైందనిపించింది. “ఇంత పొడుగు ఎవరు చదవతారమ్మా?” అన్నాడు. తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువసార్లు చదివాడు.

ప్రదర్శన మొదటిరోజు సరోజమ్మ కొత్త చీరలో వచ్చి తెర లాగింది. కుండను చూసి జనం గొల్లుమన్నారు. ఆమె వాళ్ళను నవ్వనిచ్చింది. తర్వాత చేతికర్రతో గోడ కింది భాగం చూపిస్తూ, ఎవరు వచ్చినా తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. “పైనుండేది మా కావలి. మా నాయన ఈడుండాడు. ఒకచోట నిలబడే మనిషి కాదు, అందుకే ఇట్ల పడినాడు.” ఆసుపత్రి, బడి, మార్కెట్ ఫోటోల ముందు కూడా జనం వంగి, మసకలు వెతకడం మొదలుపెట్టారు. కల్పన గారు నెలలు కష్టపడి రాసిన కమానుల వివరాలు చదివినవాళ్ళు తక్కువ. ఆమెకేమీ బాధ ఉన్నట్టు కనిపించలేదు.

దిష్టిబొమ్మ ఫోటోను ఇంట్లోంచి తీసేద్దామని దామోదరం అన్నాడట. “ఎందుకు తీయాల? ఇన్నేండ్లు మనకు ఏ దిష్టీ తగలకుండా కాచింది అదే గదా” అందట ఆమె. ఇప్పుడు కిరుమాంబాక్కంలో రెండు ఫోటోలు పక్కపక్కన ఉన్నాయి. బొట్టు బొమ్మకు, దండ పాదాలకు.

ఆ పని నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. మచ్చ కనిపిస్తే తుడవడానికి ముందు అది ఎవరో అడగాలి, అంతే. అడగడానికి మనిషి దొరక్కపోతే తుడవకుండా వదిలేయాలి. వెనకటి కంటే నా పని ఇప్పుడు కొంచెం మురికిగా ఉంటుందని కొందరు కస్టమర్లు అంటారు, ఒప్పుకుంటాను. ఇంకో అలవాటు కూడా అయింది. ఎవరైనా పాత ఫోటో తెచ్చి బల్ల మీద పెడితే, అందరూ ముఖాలు చూపిస్తుంటారు, నేను మాత్రం భూతద్దం పట్టుకుని వంగి ముందు పాదాలు చూస్తాను. వాళ్ళ పెద్దవాళ్ళకు నేను పాదనమస్కారం చేస్తున్నాననుకుని కొందరు కదిలిపోతారు. అది నిజం కాదని నేనెప్పుడూ చెప్పలేదు.